తైబజార్ గుత్త, చెత్త ట్రాక్టర్, ఇంటి పన్ను... మా ఊరి గ్రామసభల జరిగింది చెప్తున్న, మీ ఊర్లల్ల ఎట్లున్నదో చెప్పుండ్రి

డిండి_వాగు (దేవరకొండ దిక్కు, ఉండేది ఎల్బీనగర్)
అందరికీ నమస్తే. కొంచెం పెద్దగనే రాస్తున్న, జర ఓపికతోని చదవుండ్రి. మాది దేవరకొండ దిక్కు ఒక పెద్దూరు. పేరు రాయను, రాస్తే రేపు పొద్దుగాలకల్లా స్క్రీన్‌షాట్ మా సర్పంచ్ ఫోన్ల ఉంటది. 2024 ఫిబ్రవరి నుంచి స్పెషల్ ఆఫీసర్ పాలనే ఉండె, మొన్న 2025 డిసెంబర్‌ల ఎలక్షన్లు అయినయ్, కొత్తోళ్లు కూసున్నరు. అమ్మను చూద్దామని పోయిన, అదే రోజు గ్రామసభ అని మైకుల చెప్పవట్టిరి, సరే అని పోయి కూసున్న.

సెక్రటరీ కాయితం తీసి గడగడ చదివిండు. గురువారం అంగడి తైబజార్, అంటే అంగడిల అమ్ముకునేటోళ్ల కాడ తీసుకునే పైసలు, వసూలు చేసుడు గుత్తకు (కాంట్రాక్టుకు) ఇస్తరట, గంపకు 10 రూపాయలు ఉన్నది 30 చేస్తరట, తోపుడు బండికి, డీసీఎం బండికి వేరే వేరే రేటు. ఇంటి పన్ను బాకీ ఉన్నోళ్లకు పంచాయతీల ఏ సర్టిఫికెట్ ఇయ్యరట. చెత్త ట్రాక్టర్ ఇగ రోజూ రాదు, వారానికి రెండు సార్లే. నీళ్ల ప్లాంట్ ప్రైవేటోళ్లకు లీజు. అన్నీ ఒక్క దమ్ముల చదివి "అందరికీ ఆమోదమేనా" అన్నడు, ముందు కుర్చీలల్ల ఉన్నోళ్లు చప్పట్లు కొట్టిర్రు, అయిపాయె. మొత్తం పావుగంట. జనం లెక్కవెడితే యాభై మంది ఉంటరో లేదో, మా ఊర్ల ఓట్లు మూడు వేల పైనే. సంతకాల రిజిస్టర్ తర్వాత ఇండ్ల పొంటి తిప్పిర్రని అమ్మ చెప్పింది.

ఇది చెల్లుతదా? నేనేమీ సర్పంచ్‌కు వ్యతిరేకం కాదు, ఆయనకే ఓటేసిన. కని ఇవన్నీ మీద పడేది గంప ఎత్తుకొచ్చే ఆడోళ్ల మీద, అందుకే అడుగుతున్న.

మోరీ_మొనగాడు
అంగడి వేలం తర్వాత, సర్పంచ్ పదవికి వేలం అయ్యిందా లేదా ముందు గది చెప్పు కాకా

డిండి_వాగు
కాలే, ముగ్గురు పోటీ పడ్డరు. టాపిక్ పక్కకు తియ్యకన్నా నీకు దండం పెడతా

పాత_కారోబార్ (నల్లగొండ)
తమ్మీ, నేను పంచాయతీ గుమస్తా, అంటే కారోబార్‌గా మొదలుపెట్టి పంచాయతీ ఆఫీసులల్లనే జీవితమంతా గడిపిన మనిషిని, ఇప్పుడు రిటైరు. మనకు నడుస్తున్నది 2018 పంచాయతీరాజ్ చట్టం. దాని ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె, కోరం, అంటే తక్కువల తక్కువ ఇంతమంది అన్న లెక్క, ఉండాలె. మూడు వేల నుంచి ఐదు వేల మధ్య ఓటర్లు ఉన్న ఊరైతే 200 మంది రావాలె. యాభై మందితోని పెట్టి ఇండ్ల పొంటి సంతకాలు తెచ్చుడు మా కాలం నుంచీ ఉన్న అలవాటే, నేను చూడలేదని అబద్ధం చెప్పను. కని ఎవరన్న ఎంపీడీవోకు (మండల ఆఫీసర్‌కు) రాతపూర్వకంగ ఇస్తే అది నిలవదు.

ఇంకొకటి. గ్రామసభ వేరు, పాలకవర్గం మీటింగ్ వేరు. రేట్లు, గుత్త ఇవి పాలకవర్గం తీర్మానం చేసి పుస్తకంల రాయాలె, సర్పంచ్, వార్డు మెంబర్ల సంతకాలు ఉండాలె. నువ్వు విన్నది సభల చదివిన కాయితం. తీర్మానం పుస్తకంల అదే ఉన్నదా, వేరే ఉన్నదా, ముందు ఆ నకలు పట్టుకో. మిగతా ముచ్చట తర్వాత.

కూరగాయల_గంప
నేను చానా రోజుల నుంచి చదువుడే గని రాయలే, ఇది చూసినంక ఆగలేకపోయిన. మా అమ్మ మూడు ఊర్ల అంగడి చేస్తది. వంకాయ, టమాట, కొత్తిమీర. గంప నిండ అమ్మితే ఆటో కిరాయి, మాలు పైసలు పోను చేతికి ఎంత వస్తదో మీకు తెల్వదు, వాన వడ్డనాడు టమాట అక్కడనే పారవోసి వస్తది. అటువంటిది పొద్దుగాల సంచి పరిచిందో లేదో ఒక పిలగాడు వచ్చి నిలవడ్తడు. పేరుకు రేటు ఇంత అని ఉంటది గని వాడు అడిగేది వేరే, ఎక్కువైందంటే ఇంత వంకాయ సంచిల ఏసుకొని పోతడు. రసీదు లేదు, పాడు లేదు. పోయినేడు మా అమ్మ రసీదు అడిగింది, "రసీదు కావాలంటే ఎండల కూసో, నీడకు వేరే రేటు" అన్నడట. పంచాయతీ నాటిన చెట్టు నీడకు వాని రేటేంది నాకు అర్థం కాదు.

ఆ పైసలతోని ఏం చేస్తరు అంటే అంగడి కాడ ఆడోళ్లకు ఒక్క బాత్రూం లేదు. పొద్దుందాక నీళ్లు తాగకుంట కూసుంటరు ఎందుకో తెలుసా మీకు, లేచి పోయే జాగ లేక.

చట్టం_చదివినోడు (హైదరాబాద్)
2014 వీధి విక్రేతల చట్టం ఉన్నది కదా, టౌన్ వెండింగ్ కమిటీ లేకుండా రేటు పెంచరాదు. కోర్టుకు పొమ్మను.

పాత_కారోబార్
అది మున్సిపాలిటీలకు, కార్పొరేషన్లకు తమ్ముడు. ఊరి అంగడికి అది వర్తించదు. ఇక్కడ పంచాయతీ చట్టమే, రేటు పెట్టే అధికారం పంచాయతీకే ఉన్నది. అట్లని ఇష్టమొచ్చినట్టు కాదు. వేలం బహిరంగంగ పెట్టాలె, ముందుగల నోటీసు వెయ్యాలె, గుత్త పాడినోనితోని డిపాజిట్ కట్టించుకోవాలె, ఏ సరుకుకు ఎంత అనేది తీర్మానంల ఉండాలె. గుత్తేదారు దానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ గుంజినా గుత్త రద్దు చేసే పవర్ పంచాయతీ చేతుల ఉంటది, షరతు రాసుకుంటే. రాసుకోరు, అదే రోగం.

చట్టం_చదివినోడు
మరి పల్లెటూరి వాళ్లకు చట్టమే లేదంటారా?

మోరీ_మొనగాడు
ఉన్నది సారు, మీరు చదవలే అంతే

పాలమూరు_పిలగాడు (జడ్చర్ల)
మా దిక్కు సంతలు పెద్దయి ఉంటయి. పెబ్బేరు శనివారం సంతకు కర్నూలు, రాయచూరు దిక్కు నుంచి గూడ ఎడ్లు వస్తయి, దేవరకద్ర బుధవారం ఉల్లిగడ్డ అంటే అందరికీ ఎరుకే. పశువుల సంతలల్ల గుత్త పైసలు లక్షలల్ల పోతయి, ఆ ఊరి పంచాయతీలకు అదే పెద్ద ఆమ్దాని ఉండేది. అందుకే వేలం పాట పాడెటోళ్లు ముందుగల్లనే కలిసిపోతరు. నలుగురు వస్తరు, ముగ్గురు పాడినట్టు నటిస్తరు, నాలుగోడు తక్కువకు గొడతడు, రాత్రి బిర్యానీ. మీ ఊర్ల గూడ పోయినేడు ఎంతకు పోయింది, ఈ ఏడు ఎంతకు పోయింది అడగుండ్రి, కథ అంతా గాడనే ఉంటది. గంపకు పది పెట్టినా ముప్పై పెట్టినా పాట మాత్రం పెరగకపోతే ఆ ఇరవై ఎవని జేబులకు పోయినట్టు?

మా ఊర్ల ఒక పని చేసిండ్రు. అంగడి మొదట్లనే గోడకు రేట్ల బోర్డు రాసిండ్రు, పెద్ద పెద్ద అక్షరాలతోని. కోడికి ఇంత, మేకకు ఇంత, గంపకు ఇంత. చదువు రానోళ్లు గూడ పక్కోని అడుగుతరు. లొల్లి చానా తగ్గింది.

వార్డు_మెంబరక్క
నేను నల్లగొండ జిల్లాలనే ఒక ఊర్ల వార్డు మెంబర్‌ను, కొత్తగ గెలిచిన. డిండి_వాగు తమ్ముని ఊరు కాదు మాది, గని కథ గదే. అందరు తిడుతుర్రు గదా, మేం కూసున్న నాడు ఏం చేతికొచ్చిందో గది గూడ వినుండ్రి.

బీరువా తెరిస్తే కరెంటు బిల్లు బాకీ కాయితాలు. ట్రాక్టర్ పల్లెప్రగతి అనే సర్కారు స్కీంల కొన్నది, దాని కిస్తులు. డీజిల్ పోసిన బంకాయన బాకీ, మోటరు వైండింగ్ చేసినాయన బాకీ, పాత సర్పంచ్ సొంతంగ పెట్టుకున్నవని ఆయన బిల్లులు వేరే. కార్మికులకు నెలకు 9,500 అని పేరు, గది గూడ నెల నెలా రాదు. 500 మందికి ఒక్క కార్మికుడు అని లెక్క, ఆ ఒక్కడే పొద్దుగాల ట్రాక్టర్ నడపాలె, మోరీ తియ్యాలె, పొద్దుమీకి స్తంభం ఎక్కి కరెంటు బుగ్గ మార్చాలె. మల్టీపర్పస్ అని పేరు పెట్టిర్రు. మా ఊర్ల ఒకాయన కరెంటు పని రాకున్నా ఎక్కి కింద వడ్డడు, దేవుని దయ కాలు బెణికింది అంతే. నేను మీటింగ్‌ల గట్టిగ చెప్పిన, స్తంభం పని వేరేటోళ్లకు ఇయ్యాలె అని. పైసలు ఏడివి అన్నరు. నా కాడ జవాబు లేదు.

ట్రాక్టర్ వారానికి రెండు సార్లు అంటే మీకు కోపం వస్తది. డీజిల్ ఎవరు పోస్తరు? చెప్పుండ్రి ఎవరన్న.

డిండి_వాగు
అక్కా మీరు చెప్పింది నిజమే, కాదంటలేను. కని ఎలక్షన్లు అయితే ఢిల్లీ నుంచి ఆగిన పైసలు వస్తయి అన్నరు గదా, మా ఊర్ల ప్రచారం మొత్తం దాని మీదనే నడిచింది. ఆ పైసలతోని డీజిల్ పొయ్యరాదా?

పాత_కారోబార్
ఇక్కడనే జనం గలత్ పడతరు, జర నిమ్మళంగ చెప్తా. పంచాయతీకి పైసలు వచ్చే తొవ్వలు మూడు. ఒకటి కేంద్రం ఫైనాన్స్ కమిషన్, ఇంకొకటి రాష్ట్రం ఇచ్చేది, మూడోది సొంత ఆమ్దాని, అంటే ఇంటి పన్ను, నల్లా పన్ను, తైబజార్, లైసెన్సులు, పంచాయతీకి మడిగెలు ఉంటే కిరాయి.

కేంద్రం పైసలు ఎన్నికైన పాలకవర్గం లేకుంటే రావు, అందుకే ఆగినయ్. అవి వచ్చినా మొత్తం మన ఇష్టం కాదు. 15వ ఫైనాన్స్ కమిషన్ లెక్కల నూటికి 60 కట్టేసిన పైసలు, అందుల సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీళ్లకు. మిగిలిన 40 ఊరి అవసరానికి వాడుకోవచ్చు గని జీతాలకు మాత్రం వాడొద్దు. మీద నుంచి మన 2018 చట్టంల బడ్జెట్‌ల పదో వంతు చెట్లకే పెట్టాలె, నాటిన మొక్కలల్ల 85 శాతం బతకకుంటే సర్పంచ్, సెక్రటరీ కుర్చీలకే ఎసరు అని రాసుండె. రాష్ట్రం పైసలకు చెక్కు రాసినా ట్రెజరీల ఎన్ని రోజులు పంటదో ఎవరూ చెప్పలేరు.

అంటే ఏమైంది, ఊరోళ్లు కూసొని "దీనికి పెడదాం, దానికి వద్దు" అని నిజంగ నిర్ణయం తీసుకోగలిగే పైస సొంత ఆమ్దానే. తైబజార్ చిన్న ముచ్చట అనుకుంటుర్రు గని మీ ఊరి అసలు బడ్జెట్ గదే. దాని మీద పావుగంట సభ పెట్టి చప్పట్లు కొట్టిచ్చుడే నాకు బాధ. సీసీ రోడ్డు యాడ పడాలె అని మూడు గంటలు కొట్లాడతరు, ఆ ఎస్టిమేట్ మండలంలనో జిల్లాలనో ఎప్పుడో అయిపోయి ఉంటది.

తండా_పోరడు
సార్ మీరు సొంత ఆమ్దాని అంటుర్రు, మా తండాల గది సున్న. "మా తండాలో మా రాజ్యం" అని ఎన్నేండ్లో కొట్లాడి 2018ల పంచాయతీ తెచ్చుకున్నం, గర్వంగనే ఉన్నది, మా వాడే సర్పంచ్. కని అంగడి పాతూర్లనే ఉండిపోయింది, మడిగెలు పాతూర్లనే, కల్లు దుకాణం గూడ పాతూర్లనే. మాకు వచ్చింది ఏంది అంటే ట్రాక్టర్ కిస్తు, డంపింగ్ యార్డు, వైకుంఠధామం (శ్మశానం), మొక్కల నర్సరీ. పెద్దూరికి ఎన్ని పెట్టిర్రో మాకూ అన్నే పెట్టిర్రు, నడిపే పైసలు మాత్రం జనం లెక్కన. రెండు వందల ఇండ్లకు ఇంటి పన్ను ఎంత వస్తది? సగం మంది హైదరాబాద్‌ల ఆటో నడుపుతరు, పండుగకు వస్తరు.

ఇప్పుడు పాతూరోళ్లు గంపకు 30 చేస్తే అది కట్టేది ఎక్కువ మా తండా ఆడోళ్లే. మా పైసలతోని వాళ్ల ఊర్ల బుగ్గలు వెలుగుతయ్. ఇది గూడ చర్చల పెట్టుండ్రి.

డిండి_వాగు
ఇది నాకు తట్టనేలేదు తమ్మీ. మా అంగడికి వచ్చేది గూడ చుట్టూ తండాలోళ్లే సగం. వాళ్లకు మా గ్రామసభల ఓటు లేదు, మాట లేదు, రేటు మాత్రం వాళ్లకే.

మోరీ_మొనగాడు
బుగ్గలు అంటే గుర్తొచ్చింది. మా వాడల లైట్లు పగలంతా వెలుగుతయ్ రాత్రి ఆరిపోతయ్. వీధి లైట్లకు వేరేగ మూడో తీగ గుంజలేదు, బంద్ చేసేటందుకు స్విచ్ లేదు అంటరు. కరెంటు బాకీ ఎందుకైతది అని అక్క అడుగుతుంది, మా వాడకు రమ్మనుండ్రి మిట్టమధ్యాహ్నం చూపిస్త

వార్డు_మెంబరక్క
నవ్వులాటకు అన్నవ్ గని నిజమే. మా ఊర్ల సగం లైన్లకు మూడో తీగ ఉన్నది సగానికి లేదు. దానికి ఎస్టిమేట్ అడిగినం, ఇచ్చిర్రు, చూసి మడతపెట్టి బీరువాల పెట్టినం.

నకిరేకల్_నిమ్మకాయ
నీళ్ల ప్లాంట్ గురించి ఎవరూ మాట్లాడుతలేరు. దాన్ని లీజుకు ఇచ్చుడు నా లెక్కల అన్నిటికన్నా డేంజర్. మొదట్ల 20 లీటర్ల క్యాన్ 5 రూపాయలు అంటరు, ఏడాదికి 10 అంటరు, ఫిల్టర్లు మార్చరు. మార్చిండా లేదా అని చూసేటోడు లేడు. అసలు మిషన్ భగీరథ నల్లా ఇంటింటికి వస్తుంటే ప్లాంట్ ఎందుకు? మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన ఇస్తమని కట్టిన స్కీం అది. పంచాయతీ ఆ నీళ్లు సక్కగ ఇచ్చేటట్టు చూడాలె గని క్యాన్ల బేరం ఎందుకు పెట్టుకోవాలె.

మర్రిగూడ_మనవడు
అన్నా మీ దిక్కు సంగతి నాకు తెల్వదు. మా తాత యాభై ఏండ్లకే వంగిపోయిండు, పండ్లు పసుపుపచ్చగ అయ్యి రాలిపోయినయ్, కింద కూసుంటే లేవలేకపోతుండె. మా దిక్కు మనిషికి బోరు నీళ్లు అంటే గజగజ. భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లనే పెట్టింది ఎందుకు, ఈ ఫ్లోరైడ్ బాధ చూసే గదా. కృష్ణ నీళ్లు వచ్చినంక పుట్టిన పిల్లల పండ్లు తెల్లగ ఉన్నయ్, నేను కండ్లతోని చూస్తున్న. ఎవడన్న భగీరథ బాగలేదంటే నాకు కోపం వస్తది.

కని ఒకటి. మోటరు కాలిపోయిన నాడో పైపు పలిగిన నాడో పంచాయతీవాళ్లు చప్పుడు కాకుంట పాత బోరును అదే ట్యాంకుకు కలుపుతరు. నల్లా అదే, నీళ్లు వేరే. జనానికి చెప్పరు. కాగవెట్టుకొని తాగితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకింత చిక్కగైతది. తీర్మానం చేసేది ఉంటే దాని మీద చెయ్యమను, బోరు కలిపిన రోజు మైకుల చెప్పాలె అని. పైస ఖర్చు లేదు దానికి.

పాత_కారోబార్
మంచి మాట చెప్పినవ్ మనవడా. ట్యాంకు దాకా నీళ్లు తెచ్చుడు మిషన్ భగీరథ వాళ్లది, ట్యాంకు నుంచి నల్లా దాకా పంచాయతీది. ట్యాంకు మీద 1, 11, 21 తేదీలు రాసి ఉంటయ్, ఆ రోజులల్ల కడగాలె. కడిగిన తేదీ అక్కడ రాయాలె. పోయి చూడుండ్రి మీ ఊర్ల ఆఖరు తేదీ ఏం రాసున్నదో.

నకిరేకల్_నిమ్మకాయ
మా ఊర్ల సున్నం కొట్టిర్రు మీదికెళ్లి, తేదీ కనవడదు

కొత్త_నాయిన (మిర్యాలగూడ)
నాకు ఒక డౌటు. మా పాప ఇంటికాడనే పుట్టింది, అంబులెన్స్ వచ్చేలోపే. బర్త్ సర్టిఫికెట్‌కు పోతే మా నాయిన పేరు మీద ఇంటి పన్ను నాలుగేండ్ల బాకీ ఉన్నది, కట్టి రమ్మన్నరు. అన్నదమ్ములం పంచుకోలే ఇంకా, నేనొక్కన్నే ఎందుకు కట్టాలె అని గులుగుతుంటే పది రోజులు అయిపోయినయ్. ఇది రూలా?

పాత_కారోబార్
కాదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ 1969ల కేంద్రం తెచ్చిన చట్టం. 21 రోజుల లోపల చెప్తే పైస ఫీజు లేకుంట నమోదు చెయ్యాలె, ఇంటి పన్నుకూ దానికీ లంకె లేదు. ఇంటి పన్ను వసూలుకు నోటీసు ఇయ్యొచ్చు, చట్టం చెప్పిన పద్ధతుల వసూలు చెయ్యొచ్చు, పాప పుట్టుడు ఆపరాదు గదా. నువ్వు ముందు రేపే పోయి రాతపూర్వకంగ సమాచారం ఇచ్చి రసీదు తీసుకో. 30 రోజులు దాటితే పై ఆఫీసర్ పర్మిషన్ కావాలె, ఏడాది దాటితే మెజిస్ట్రేటు దాకా పోతది, బడిల ఏసేటప్పుడు తిప్పలు పడతవ్. పాప సల్లగుండాలె.

ఇట్లాంటి తీర్మానాలు ఎందుకు చేస్తరంటే పన్ను వసూలు శాతం మీద సెక్రటరీ మీద పైనుంచి ఒత్తిడి ఉంటది. ఆ పిలగాండ్లది గూడ అరిగోసనే.

కొత్త_నాయిన
థాంక్స్ పెద్దనాయిన. రేపు పోత

పన్ను_కట్టేటోడు (సూర్యాపేట)
అందరూ పంచాయతీనే తిడుతుర్రు, నేను వేరే మాట చెప్తా, కోపం తెచ్చుకోకుండ్రి. మా ఊర్ల రెండంతస్తుల బిల్డింగులు కట్టినోళ్లు పాత పెంకుటిల్లు లెక్కనే పన్ను కడుతుర్రు, కొలతలు మార్చనియ్యరు. కొలిచేటందుకు పోయిన పిలగాన్ని మా బావ ఎవరో తెలుసా అని బెదిరిచ్చిర్రు. ఏడాదికి ఆ పన్ను ఎంత? పండుగ నాడు ఒక్క పూట తాగినంత గూడ ఉండది. గది కట్టరు గని ఫేస్‌బుక్‌ల చెత్త ఫోటో పెడతరు. సర్టిఫికెట్ ఆపుడు తప్పే గని, ఊకె అడుగుతే ఎవడూ కట్టడు. సిటీల ఉండేటోళ్లు అయితే మరీ, డిండి_వాగు తమ్ముడు ఏమీ అనుకోవద్దు.

డిండి_వాగు
అనుకోనన్నా. మా ఇంటి పన్ను కట్టే ఉన్నది, రసీదు అమ్మ బియ్యం డబ్బాల పెట్టింది :) కని మీరు చెప్పిందాంట్లనే జవాబు ఉన్నది. పెద్ద బిల్డింగులోన్ని కొలిచే దమ్ము లేక గంపల ఆడోళ్ల మీద పది ముప్పై చేసిర్రు. ఆమదాని పెంచుడు అంటే గట్లనా? బిల్డింగులు తిరిగి కొలిస్తే వచ్చేది తైబజార్ కంటె ఎక్కువనే ఉంటది నా అంచనా.

కూరగాయల_గంప
+1. మాకు 30 అయినా సరే అన్నా, ఒక్క రేటు, చేతుల రసీదు, కూసునేటందుకు నీడ, బాత్రూం. గివి ఇస్తే మా అమ్మ నవ్వుకుంట కడతది. 10 రేటు పెట్టి 40 గుంజుడు వద్దు.

మోరీ_మొనగాడు
కుక్కల సంగతి గూడ ఎత్తుండ్రి ఎవరన్న, మా ఊర్ల ఎలక్షన్ హామీల మొదటిది కుక్కలు లేకుంట చేస్త అని. ఎట్ల చేస్తడో చెప్పలే

వార్డు_మెంబరక్క
చంపితే కేసు. ఆపరేషన్ చేసి, సూదులు ఏసి మళ్ల అదే జాగల విడవాలె, 2023 రూల్స్ అట్లనే ఉన్నయ్. మా ఊర్ల గూడ ఒకాయన మందు పెడదాం అన్నడు, వద్దు సంతకం చెయ్య అని చెప్పిన. ఆపరేషన్లకు మండలానికి ఒక్క సెంటర్ గూడ లేదు, అది వేరే బాధ. కోతుల ముచ్చట అయితే అడగనే అడగకుండ్రి, నిర్మల్ కాడ చించోలిల కోతులకు ఆపరేషన్ సెంటర్ ఉన్నది, నల్లగొండ నుంచి పట్టుకపోయేటందుకు పంచాయతీ దివాలా.

అడ్మిన్
కుక్కలు, కోతులకు వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ పంచాయతీ పైసలు, అంగడి వరకే. ఊర్ల పేర్లు, సర్పంచ్‌ల పేర్లు, ఫోన్ నంబర్లు రాస్తే తీసేస్తాం. ప్లాట్ల ప్రకటన పెట్టిన ఐడీని బ్లాక్ చేశాం.

డిండి_వాగు
పాత_కారోబార్ సార్, తీర్మానం నకలు అడిగిన. సెక్రటరీ "సార్ ఊర్ల లేడు, పుస్తకం సర్పంచ్ కాడ ఉన్నది" అంటుండు, సర్పంచ్‌ను అడిగితే సెక్రటరీ కాడనే ఉన్నదంటుండు. ఏం చెయ్యాలె?

పాత_కారోబార్
ఎవని తోని కొట్లాడకు. తెల్లకాయితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయి. ఊరి స్థాయిల ఫీజు లేదు, మండలంల ఇస్తే 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజుల గడువు. "మా ఊర్ల ఏం జరుగుతుంది" అని అడగకు, అట్ల అడిగితే ఏం ఇయ్యరు. ఫలానా తేదీ పాలకవర్గం తీర్మానం నకలు, గ్రామసభ హాజరు రిజిస్టర్ నకలు, గడిచిన మూడేండ్ల తైబజార్ పాట వివరాలు, గుత్తేదారు కట్టిన పైసల రసీదులు, షరతుల కాయితం. ఇంతే రాయి. ఇచ్చినట్టు ముద్ర వేపిచ్చుకో.

కేంద్రం పైసల ఖర్చు అయితే ఎవర్నీ అడగనక్కర లేదు. ఈగ్రామస్వరాజ్ అని సైటు ఉన్నది, మేరీ పంచాయత్ యాప్ గూడ ఉన్నది. రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఏ పనికి ఎంత చెల్లించిర్రో కనవడ్తది. సైటు మెల్లగ తెరుసుకుంటది, రాత్రి పూట చూడు. సొంత ఆమ్దాని మాత్రం అండ్ల పూర్తిగ దొరకది, దానికి కాయితం పెట్టాల్సిందే.

పాలమూరు_పిలగాడు
ఉపసర్పంచ్‌ను పట్టుకో అన్నా. 2018 చట్టంల చెక్కు మీద ఇద్దరి సంతకం పెట్టిండ్రు, సర్పంచ్ ఒక్కనితోని కాదు. మా ఊర్ల ఇద్దరికీ పడదు, అందుకే అన్ని కాయితాలు బయటికొస్తయి, ఊరికి మంచిదే అయ్యింది ఒక లెక్కన. పనులు మాత్రం అయితలేవు.

తండా_పోరడు
మా తండాల ఇద్దరూ బావబామ్మర్దులు. ఏ కాయితం బయటికి రాదు

డిండి_వాగు
అందరికీ అప్డేట్. శనివారం ఊరికి పోయి దరఖాస్తు ఇచ్చిన, ముద్ర వేసిర్రు. అది చూసిన పావుగంటకే సర్పంచ్ ఫోన్ చేసిండు, "మనం మనం మాట్లాడుకుంటే అయిపోతుండె గదనే" అని. సరే అని పోయిన, చాయ్ తాగినం. ఆయన గూడ మంచిగనే మాట్లాడిండు. పోయినేడు స్పెషల్ ఆఫీసర్ ఉన్నప్పుడు పాటనే పెట్టలేదట, పాత గుత్తేదారే అట్లనే వసూలు చేసుకుంట వచ్చిండట, పంచాయతీకి ఎంత కట్టిండో రసీదులు దొరుకుతలేవట. అంటే ఏడాది పైన ఆ గంపల పైసలు ఎటువోయినయో ఎవరికీ తెల్వదు!

చివరికి ఒప్పుకున్నది ఇది. పాట వాయిదా. మళ్ల పాలకవర్గం మీటింగ్‌ల పెట్టి, రేట్లు తగ్గిస్తరో ఉంచుతరో గని గోడకు రాయిస్తరు. బాత్రూం ముచ్చట నేనే ఎత్తిన, కేంద్రం పైసలల్ల పారిశుద్ధ్యం కింద అవుతదా అని అడుగుతా అన్నడు. సర్టిఫికెట్ల తీర్మానం పుస్తకంల రాయనే లేదట, ఊకె జనాన్ని భయపెట్టేటందుకు చదివిర్రట. ట్రాక్టర్ మాత్రం వారానికి రెండు సార్లే, దాంట్ల మార్పు లేదు.

వార్డు_మెంబరక్క
పారిశుద్ధ్యం కింద అంగడి కాడ మరుగుదొడ్లు పెట్టుకోవచ్చు తమ్మీ, ప్లాన్‌ల ఎక్కియ్యాలె ముందు. గ్రామసభల అడిగినట్టు రాయిస్తే మాకు గూడ పైన అడిగేటందుకు బలం ఉంటది. వచ్చే సభకు ఆడోళ్లను తోలుకొని రాండ్రి, ఒక్కల్లిద్దరు కాదు, మహిళా సంఘం మీటింగ్ ఉన్న రోజే పెట్టమను, అందరూ ఒక్కకాడనే ఉంటరు. తండాలోళ్లను గూడ పిలువుండ్రి, ఓటు లేకున్నా వచ్చి కూసొని చెప్పొచ్చు గదా.

పన్ను_కట్టేటోడు
బిల్డింగుల కొలత ముచ్చట అడిగినవా?

డిండి_వాగు
అడిగిన. చాయ్ అయిపోయింది అన్నడు

మోరీ_మొనగాడు
హహహ సర్పంచ్ మనోడే

కూరగాయల_గంప
అన్నా, పాట వాయిదా అన్నవ్ గదా, ఈ గురువారం మా అమ్మ మీ ఊరి అంగడికే వచ్చింది. ఆ పిలగాడే మళ్ల వచ్చి 30 తీసుకున్నడు. ఈసారి మాత్రం రసీదు ఇచ్చిండు, ఫోటో తీసి పంపింది. పంచాయతీ పేరు లేదు, ఊకె ఒక పుస్తకంల చింపి ఇచ్చినట్టున్నది.

పాత_కారోబార్
ఆ రసీదు పారెయ్యకు. నంబరు ఉన్నదా, తేదీ ఉన్నదా చూడు. పంచాయతీ ముద్ర లేకుంట, పాట కాకుంట వసూలు చేస్తే అది తైబజార్ కాదు, ఊకె గుంజుకున్నట్టే. డిండి_వాగు తమ్మీ, నువ్వు పెట్టిన దరఖాస్తుకు దీని నకలు జోడించి ఎంపీడీవోకు ఒకటి, డీపీవోకు (జిల్లా పంచాయతీ ఆఫీసర్‌కు) ఒకటి ఇయ్యి. వచ్చే గురువారం ఇంకో నలుగురు ఆడోళ్లను గూడ రసీదు అడగమను.

కూరగాయల_గంప
నంబరు ఉన్నది సార్. తేదీ వెయ్యలే. అమ్మకు చెప్పిన, వచ్చే వారం తేదీ వేపిచ్చుకుంట అన్నది